మొదటి నెల వడ్డీ

"శుక్రవారం, పైగా అమావాస్య. దీపాలెట్టాక వెంకటాద్రి గారు రూపాయి బయటికిస్తాడా అమ్మా? చచ్చినా ఇవ్వడు."

చివరి మాట జారిన తరువాత పిచ్చమ్మ నాలుక కరుచుకుంది. వెంకటాద్రి చచ్చిపోయి అప్పటికి పదిహేను గంటలైంది. ఆ చావు ఆమె భర్త బసవపున్నయ్య నెత్తిన పడి పన్నెండు గంటలు కావస్తోంది.

పోలీసు స్టేషను వరండాలో బల్ల మీద కూర్చున్న శర్వాణి ఆ మాటను ఉన్నది ఉన్నట్టుగా తన పుస్తకంలో రాసుకుంది. ఆమెకు నలభై అయిదేళ్లు. బ్యాంకు విజిలెన్సు విభాగంలో రెండు దశాబ్దాలు పనిచేసింది. పెద్దల దొంగతనాలకు ప్రతిసారీ చిన్న గుమస్తాలను బలి ఇవ్వడం చూసి చూసి, ఒకనాడు రాజీనామా కాగితం బల్ల మీద పెట్టి వచ్చేసింది. ఇప్పుడు విజయవాడలో సొంతంగా నేరపరిశోధన చేస్తోంది. పిచ్చమ్మ మేనకోడలు ఆమె దగ్గరే టైపిస్టు. తెల్లవారుజామున ఆ పిల్ల ఏడుస్తూ ఫోను చేస్తే, ఉన్నపళంగా తిరువూరు బస్సెక్కింది.

"నాలుగింటికి మేజిస్ట్రేటు గారి ముందు హాజరు పరచాలి మేడం. ఈలోగా మీకేమన్నా దొరికితే వింటాను. నాకేం పంతం లేదు," అన్నాడు ఎస్సై. నిద్రలేని కళ్లు, నిజాయితీ గల ముఖం. "కానీ కేసు చాలా గట్టిగా ఉంది."

గట్టిగానే ఉంది. మే పంతొమ్మిదో తేదీ సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో రెండు వేల రూపాయల నోటును చలామణీ నుంచి ఉపసంహరిస్తున్నారన్న వార్త టీవీలో వచ్చింది. బ్యాంకులో వేసుకోవడానికి సెప్టెంబరు నెలాఖరు దాకా గడువు ఉందన్న సంగతి ఎవరి చెవికీ ఎక్కలేదు. నోటు పోయిందన్న మాటే ఊరంతా పాకింది. ఏడూ ఇరవైకి బసవపున్నయ్య వడ్డీ వ్యాపారి వెంకటాద్రి ఆఫీసులోకి వెళ్లడం ఎదురుగా టీకొట్టు నడిపే జోజప్ప చూశాడు. ఏడున్నరకు బయటికి రావడమూ చూశాడు. ఆ మధ్యలో "రెండు వేల నోట్లు!" అంటూ బసవపున్నయ్య గొంతు వీధిలోకి వినబడింది. ఎనిమిదీ పదికి వెంకటాద్రి మేనల్లుడు పవనకుమార్ వచ్చి చూసేసరికి మామయ్య బల్ల మీద తల వాల్చి ఉన్నాడు. కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకునే రెండు కిలోల కాటా రాయితో ఎవరో వెనకనుంచి కొట్టారు. రాయి మీద వేలిముద్రలు తుడిచేశారు. ఇనప్పెట్టె ఖాళీ. బల్ల మీద బసవపున్నయ్య సంతకంతో ఒక ప్రామిసరీ నోటు, ఆ రోజు తేదీతో, నాలుగు లక్షల రూపాయలకు.

ఎనిమిదీ నలభైకి పోలీసులు ఆ కాగితాన్ని స్వాధీనం చేసుకున్నారు. రాత్రి పదకొండింటికి రెడ్డిగూడెం దగ్గర బసవపున్నయ్య ఇంటి ముందు మోటారు సైకిలు పెట్టె తెరిపించారు. అందులో రెండు వేల నోట్లు సరిగ్గా రెండు వందలు ఉన్నాయి.

"అప్పు తీసుకున్నాడు. బయటికి వచ్చాక నోట్లు రద్దయ్యాయని విన్నాడు. చెల్లని నోట్లు అంటగట్టాడన్న కోపంతో వెనక సందులోనుంచి మళ్లీ వచ్చి కొట్టాడు. ఇనప్పెట్టెలోది ఎక్కడో దాచాడు. దేవానందం గారు పొద్దున్నే విడమరిచి చెప్పారు," అన్నాడు ఎస్సై.

దేవానందం! శర్వాణి కలం ఒక్క క్షణం ఆగింది. పోలీసు శాఖలో పెద్ద హోదాలో పదవీ విరమణ చేసి, ప్రైవేటు డిటెక్టివ్ సంస్థ నడుపుతున్న మనిషి. ఇంతకుముందు రెండు కేసుల్లో అతను ఒక గట్టున, ఆమె మరో గట్టున నిలబడ్డారు. ఇద్దరికీ చెరొక గెలుపు.

"ఆయన్ని ఎవరు పిలిచారు?"

"వెంకటాద్రి గారి కుటుంబం తరఫున వచ్చారు మేడం."

ఎస్సై సమక్షంలో బసవపున్నయ్యతో మాట్లాడనిచ్చారు. అరవై ఏళ్ల మామిడి రైతు. రాత్రంతా నిలబడి ఉన్నాడేమో, కూర్చోమంటే కూర్చోవడానికి కూడా భయపడ్డాడు.

"సంతకం మీదేనా?"

"నాదేనమ్మా. రాత మాత్రం నాది కాదు."

"రాత లేని కాగితం మీద సంతకం ఎందుకు చేశారు?"

"మూడేళ్ల కిందట లాక్‌డౌనులో కాయ కొనే నాథుడు లేక తోటలోనే కుళ్లింది. అప్పుడు మూడు లక్షలు తీసుకున్నానమ్మా, నూటికి మూడు రూపాయల వడ్డీ. ఒక నోటు రాసిచ్చా. ఇంకోటి ఖాళీగా, స్టాంపు మీద సంతకం మట్టుకు చేసిచ్చా. భద్రతకి. మా వైపు అందరూ అట్టాగే ఇస్తారు. గడువు ఈ నెలాఖరుతో అయిపోతది. లెక్క చూసి నాలుగు లక్షలకి తెంపాడాయన. నిన్న కాయ అమ్మిన డబ్బు పట్టుకెళ్లాను."

"అన్నీ రెండు వేల నోట్లే?"

"వ్యాపారి అవే ఇచ్చాడు. తీసుకెళ్లి బల్ల మీద పెడితే ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. 'ఇప్పుడే టీవీలో చెప్పారు పున్నయ్యా, ఇవి నాకొద్దు, బ్యాంకులో వేసుకుని చెక్కు ఇవ్వు' అన్నాడు. కోప్పడలేదమ్మా. గడువు సంగతి తాను చూసుకుంటానన్నాడు."

"మరి మీరు అరిచారట."

బసవపున్నయ్య తెల్లబోయాడు. "అరవడమేంటమ్మా? ఆయనకి చెవుడు కదా! 'రెండు వేల నోట్లు రెండు వందలున్నాయి, ఒక్కటీ చిరుగు లేదు, లెక్క చూసుకోండి' అన్నాను. గట్టిగా చెప్తేగాని వినపడదు."

శర్వాణి తలెత్తి ఎస్సై వంక చూసింది. ఎస్సై గడ్డం గోక్కున్నాడు.

తరువాత ఆమె ప్రామిసరీ నోటు అడిగింది. ఫోటో తీయడానికి వీల్లేదన్నాడు. పది నిమిషాలు చూసుకోవచ్చన్నాడు. ప్లాస్టిక్ సంచీలో ఉన్న ఆ కాగితాన్ని ఆమె కిటికీ వెలుగుకు అడ్డంగా పట్టింది. ఇరవై ఏళ్లు బ్యాంకులో దొంగ కాగితాలతో కాపురం చేసిన కళ్లు అవి.

"బల్ల మీద పరిచి ఉందా, మడిచి ఉందా?"

"పరిచే ఉంది మేడం."

"నిన్న రాసి, నిన్ననే బల్ల మీద పెట్టిన కాగితానికి ఈ నాలుగు మడతలు ఎలా వచ్చాయి? మడత దగ్గర కాగితం అరిగి పీచు లేచింది చూడండి. సంతకం సిరా ఆ మడత మీద చిట్లింది. అంటే ముందు సంతకం, తరువాత మడత. పై రాత సిరా అదే పీచులోకి ఇంకి వ్యాపించింది. అంటే ముందు మడత, తరువాత రాత. ఈ రెండింటికీ మధ్య ఏళ్లు గడిచాయి."

ఎస్సై భూతద్దం తెప్పించుకుని చాలాసేపు చూశాడు. "ఖాళీ నోటే నింపారంటారు. సరే. వెంకటాద్రి గారే నింపుకుని ఉండవచ్చుగా?"

"కావచ్చు," అని ఆమె ఒప్పుకుంది. తొందరపడి కాదనడం ఆమె వృత్తిలో మహాపాపం.

ఆ రాతను ఒక్క అక్షరం పొల్లుపోకుండా పుస్తకంలోకి ఎక్కించుకుంది. 'తేది 19-05-2023న 19-25 గంటలకు నా అవసర నిమిత్తము రెండు వేల రూపాయల నోట్లు 200 (రెండు వందలు), వెరసి రూ. 4,00,000 నగదుగా ముట్టినవి.' గంట అంకెల కింద ఉన్న రెండు గీతలను కూడా అలాగే గీసుకుంది. రాసినవారి పేరు ఉండవలసిన దస్తూరి దగ్గర ఖాళీ.

ఎక్కడో ఏదో కాలిలో ముల్లులా గుచ్చుకుంది. ఆమె తన ఉద్యోగంలో వేల ప్రామిసరీ నోట్లు చూసింది. తేదీ ఉంటుంది. గంట ఎవరు రాస్తారు? ఎన్ని నోట్లో, ఏ రకం నోట్లో ఎవరు రాస్తారు? ఇది అప్పు కాగితంలా లేదు. మరి దేనిలా ఉంది? ఎంత తవ్వినా అందలేదు. మరో మాట మాత్రం అందింది. ఆ మాట కోసం వెంకటాద్రి ఆఫీసుకు వెళ్లాలి.

*

ఆఫీసు ముందు కాపలా ఉన్న కానిస్టేబులు ఎస్సై చీటీ చూసి తలుపు తీశాడు. పిచ్చమ్మ లోపలికి రానంది. మనిషి చచ్చిన చోటికి ఎలా వస్తానంటూ ఎదురుగా జోజప్ప టీకొట్టు బల్ల మీద కూలబడింది. ఆమె ఫోనులో ఛార్జింగు అడుగంటితే జోజప్ప తన ఛార్జరుకు తగిలించాడు.

ముందు గది, వెనక గది. మధ్య తలుపు లేదు. ముదురాకుపచ్చ తెర వేలాడుతోంది. ముందు గదిలో పవనకుమార్, దేవానందం కూర్చుని ఉన్నారు. పవనకుమార్‌కు ముప్పై ఏళ్లుంటాయి. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది. మర్యాద మాత్రం మరువలేదు. ఇద్దరికీ కూల్‌డ్రింకులు తెప్పించాడు. దేవానందం చేత్తోనే వద్దని తోసేశాడు.

"నాకు తీపి పడదు బాబూ." తరువాత శర్వాణి వంక తిరిగి నవ్వాడు. ఇస్త్రీ మడత నలగని తెల్లని చొక్కా, జేబులో రెండు కలాలు. "రా అమ్మాయ్, రా. బస్సులో వచ్చావా? చెబితే కారు పంపేవాణ్ణిగా."

"మీ కారులో ఎక్కితే మీ దారినే పోవాలి కదండీ దేవానందం గారూ. నాకు వేరే దారి ఉంది."

"అన్ని దారులూ నాలుగింటికి కోర్టుకే పోతాయి. రాత్రి ఈ కుర్రాడు ఫోను చేస్తే తెల్లారేసరికి వచ్చి వాలాను. గంటలో తేల్చేశాను. నువ్వింకా వడ్లగింజలో బియ్యపుగింజ వెతుకుతూనే ఉన్నావు."

శర్వాణి పవనకుమార్ ఎదుట కూర్చుంది. "నిన్న సాయంత్రం ఎక్కడున్నారు?"

"విస్సన్నపేటలోనండీ. వసూళ్లకి వెళ్లాను. ఏడూ ముప్పై అయిదుకి మామయ్యకి ఫోను చేశాను, రెండు వేల నోట్లు తీసుకోవద్దని చెప్పడానికి. ఎత్తలేదు. అక్కడ ఎవర్నడిగినా చెప్తారు."

"ఇనప్పెట్టెలో ఎంత ఉండాలి?"

"ముప్పై లక్షల పైమాటే. అంతా మాది కాదు మేడం. వేరేవాళ్లు కూడా మామయ్య చేతికిచ్చి తిప్పించుకునేవాళ్లు. పెద్దవాళ్లు. పేర్లు పుస్తకంలో ఉండవు, ఆయన నోట్లోనే ఉండేవి."

ఆ పేర్లు ఇప్పుడు కాటికి పోయాయి. శర్వాణి గొంతు తగ్గించింది. "దేవానందం గారికి మీరు ఏ టైముకి ఫోను చేశారు?"

పవనకుమార్ అయోమయంగా చూశాడు. "నేను చెయ్యలేదండీ. ఆయనే పొద్దున్న ఆరింటికి చేశారు, మీ మామయ్య నాకు తెలుసు, ఫీజు తరవాత చూసుకుందాం అని."

కేసుల కోసం పీనుగుల వెంట తిరిగే రకంగా మారాడా ఈయన, అనుకుని శర్వాణి అసహ్యించుకుంది. అంతకుమించి ఆలోచించలేదు.

"ఏమిటా గుసగుసలు?" అన్నాడు దేవానందం. "సూటిగా మాట్లాడుకుందాం. కాగితంలో నాలుగు లక్షలు. బండి పెట్టెలో నాలుగు లక్షలు. లెక్క సరిపోయింది. ఇంకేం కావాలి నీకు?"

"సరిపోవడమే తప్పండీ."

"ఏమిటీ?"

"పవనకుమార్ గారూ, మీ మామయ్య నాలుగు లక్షలు అప్పిస్తే మనిషి చేతికి ఎంత ఇస్తారు?"

"మూడు లక్షల ఎనభై ఎనిమిది వేలు," అన్నాడు పవనకుమార్, ఎక్కం అప్పజెప్పినంత తేలిగ్గా. "మొదటి నెల వడ్డీ పన్నెండు వేలు పట్టుకునే కదండీ ఇచ్చేది."

తానేం చెప్పాడో పవనకుమార్‌కు అప్పుడు తట్టింది.

"రెండు వేల నోట్లలో అయితే నూట తొంభై నాలుగు," అంది శర్వాణి. "బసవపున్నయ్య దగ్గర దొరికినవి రెండు వందలు. ఆ ఆరు నోట్లు ఎక్కడినుంచి వచ్చాయి దేవానందం గారూ?"

దేవానందం చప్పున అన్నాడు. "పాత ఖాతాదారు. వదిలేసి ఉంటాడు."

"మామయ్యా?" పవనకుమార్‌కు ఏడుపులోనే నవ్వు వచ్చింది. "మా అమ్మ కళ్ల ఆపరేషన్‌కి ఇచ్చినప్పుడు కూడా పట్టుకున్నాడండీ! సొంత అక్కకి!"

"విన్నారుగా. పైగా శుక్రవారం దీపాలు పెట్టాక ఆయన రూపాయి బయటికివ్వడట. నిన్న ఇక్కడ అప్పు ఇవ్వడం, తీసుకోవడం జరగలేదు. ఎవరో ఇనప్పెట్టెలోని పాత ఖాళీ నోటు తీసి నింపారు. నోట్లు రెండు వందలని కూడా రాశారు. ఆ కాగితం ఎనిమిదీ నలభైకి పోలీసుల చేతికి వచ్చింది. మోటారు సైకిలు పెట్టె తెరిచింది పదకొండింటికి. పెట్టెలో ఏముందో తెరవకముందే ఎలా తెలిసింది? బసవపున్నయ్య చెవిటి ముసలాయనకు గట్టిగా చెబుతుంటే విన్నవాడికి తెలుస్తుంది. ఏడూ ఇరవైకి, ఏడున్నరకు మధ్య ఆ తెర వెనక ఒక మనిషి ఉన్నాడు."

"అలాగా," అన్నాడు దేవానందం నెమ్మదిగా. అతని చూపు పవనకుమార్ మీదికి జరిగింది. "విస్సన్నపేట ఎంత దూరమని?"

"నేనా? నేను..." పవనకుమార్ లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి బాబూ," అంది శర్వాణి. "మిమ్మల్ని మీ వృత్తే కాపాడుతోంది. వడ్డీ ఇంట్లో పుట్టి పెరిగినవాడు కలలో కూడా మొదటి నెల వడ్డీ మరిచిపోడు. ఈ కాగితం నింపినవాడికి ఇక్కడి డబ్బుతో సంబంధం ఉంది, ఇక్కడి పద్ధతి తెలియదు. అప్పు ఏనాడూ తీసుకోనివాడు. ఇచ్చే పని కూడా స్వయంగా చేయనివాడు."

దేవానందం కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. "కథ బాగుంది అమ్మాయ్. కోర్టులో కథలు నిలవవు. పన్నెండు వేల ఆచారం, శుక్రవారం ఆచారం... ఆచారాలకు సాక్ష్యం విలువ ఎంత? ఆ రెండు వందల నోట్లు వెంకటాద్రి పెట్టెలోవి కావని చెప్పే కాగితం ముక్క ఒక్కటుందా నీ దగ్గర? లేదు. ఉండదు. బ్యాంకు వదిలి వచ్చావు గాని, గుమస్తా బుద్ధి వదల్లేదు నిన్ను."

ఆ చివరి మాట గురి చూసి వేసింది. తగలవలసిన చోటే తగిలింది.

"ఉంది!" అంది శర్వాణి. "నిన్న నాలుగింటికి మామిడికాయ కాటా అయ్యాక వ్యాపారి ఇచ్చిన లెక్కల పట్టీ ఉంది. ఒక్క దొంగనోటు వచ్చినా తిరిగి ఇచ్చేందుకని, దాని వెనక 'రెండు వేలవి రెండు వందలు' అని రాయించుకుని సంతకం పెట్టించుకున్నాడు బసవపున్నయ్య. ఆ పట్టీని ఇంట్లో దేవుడి పటం వెనక దాచానని ఇందాక పిచ్చమ్మే నాకు చెప్పింది. చాలా?"

కళ్లజోడు తుడుస్తున్న చెయ్యి ఆగింది. ఆగి, మళ్లీ కదిలింది.

"వ్యాపారిని పిలిపిస్తే సరిపోయేదిగా?"

"లారీతో పాటు రాత్రే నాగపూర్ వెళ్లాడు. ఫోను అందడం లేదు."

"అంటే ఆ కాగితం ఒక్కటే." దేవానందం కళ్లజోడు పెట్టుకుని పెద్దమనిషిలా తల పంకించాడు. "తెప్పించు మరి. అది నిజమైతే ఎస్సై దగ్గర తప్పు ఒప్పుకునే మొదటివాణ్ణి నేనే. నాకు కూడా నిరపరాధి ఉసురు అక్కరలేదు."

ఫోను చెవికి ఆనించుకుని అతను బయటికి వెళ్లాడు. చాలా కాలానికి ఒక పోటీదారుడి నోట న్యాయమైన మాట విన్నానని శర్వాణి అనుకుంది. గెలిచిన పంతం మనిషి కంటికి పొర కప్పుతుందని ఆమెకు ఎవరూ చెప్పనవసరం లేదు. అయినా ఆ క్షణంలో గుర్తు రాలేదు.

తెర తొలగించి ఆమె వెనక గదిలోకి వెళ్లింది. మడత మంచం, ఇనప్పెట్టె, వెనక సందులోకి తలుపు. హత్య ముందు గదిలో జరిగింది గనుక, ఇక్కడ ఇనప్పెట్టెను తప్ప మరి దేన్నీ ఎవరూ అంత పట్టించుకోలేదు. మంచం మీది దుప్పటి ఒక మూల నలిగి ఉంది. అక్కడ కూర్చుని చూసింది. తెర సందులోనుంచి బల్ల, బల్ల ముందు కుర్చీ చక్కగా కనబడుతున్నాయి. ముందు గదిలో పవనకుమార్ ముక్కు చీదుకోవడం కూడా వినబడుతోంది. మంచం పక్కన కిటికీ గూట్లో ఒక టీ గ్లాసు ఉంది.

ఆమె ముందు గదిలోకి వచ్చి వెంకటాద్రి బల్ల కింద చూసింది. అక్కడా ఒక టీ గ్లాసు ఉంది. అడుగున మిగిలిన టీ చుట్టూ చీమలు నల్లగా పట్టాయి. మళ్లీ వెనక గదిలోకి వెళ్లి చూసింది. కిటికీ గ్లాసులోనూ అడుగున టీ మిగిలింది. ఒక్క చీమ లేదు. గూటి అంచున మాత్రం చీమల బారు మరో వైపు పోతోంది.

"కానిస్టేబుల్ గారూ, ఈ రెండు గ్లాసులూ ముట్టుకోవద్దు. వేలిముద్రలు తీయాలని ఎస్సై గారికి చెప్పండి. ఇప్పుడే."

పుస్తకం చేతపట్టుకుని టీకొట్టుకు నడిచింది.

"జోజప్ప గారూ, నిన్న సాయంత్రం వెంకటాద్రి గారికి ఎన్ని టీలు ఇచ్చారు?"

"రెండమ్మగారూ." జోజప్ప పాలగిన్నె దించి లెక్కగా చెప్పాడు. "ఏడూ పది అయ్యుంటది. టీవీలో రెండు వేల నోటు పోయిందని కింద అక్షరాలు పరిగెడుతున్నాయి. నా దగ్గర ఒక్కటుందిలెండి. మూణ్ణెల్లనించి చిల్లర దొరక్క దాచిపెట్టా, దాని చావూ ఇట్టా వచ్చింది. ఆ గొడవలో ఉండగా ఆయన గుమ్మంలోకొచ్చి రెండు వేళ్లు చూపించాడు. ఒకటి చక్కెర లేకుండా అన్నాడు."

"బసవపున్నయ్య రాకముందా?"

"ముందేనమ్మా. పది నిమిషాలు ముందు."

"ఆ రెండో మనిషిని చూశారా?"

"లేదమ్మగారూ. నేను గుమ్మంలోనే గ్లాసులు అందించా. వెనక సందులోంచి వచ్చుంటాడు."

"ఈ మాట ఎస్సై గారికి ఎందుకు చెప్పలేదు?"

"పున్నయ్య ఎప్పుడొచ్చాడు, ఎప్పుడు పోయాడనే అడిగారు. టీల సంగతి ఎవరూ అడగలేదుగా."

శర్వాణి ఆ మాట పుస్తకంలో రాసుకుంది. చేతికి అందింది. పట్టీ ఒకటి వస్తే, గ్లాసు మీద వేలిముద్ర ఒకటి దొరికితే, నాలుగింటి లోపల బసవపున్నయ్య సంకెళ్లు ఊడతాయి. ఆ ముసలి మనిషి మళ్లీ తన తోటలో కాయ కోయించుకుంటాడు. ఈ శుభవార్త చెబుదామని పక్కకు తిరిగింది.

బల్ల ఖాళీగా ఉంది.

"పిచ్చమ్మ గారేరి?"

"ఆ పెద్ద సారుతో వెళ్లిందిగా! ఆ కళ్లజోడాయన. 'మీ ఆయన బయటపడాలంటే ఆ కాగితం నాలుగింటి లోపల రావాలమ్మా, బస్సులు పట్టుకుని ఎప్పుడు పోతావు, ఎక్కు' అని కారెక్కించుకున్నాడు. ఆవిడ దణ్ణం పెట్టి ఎక్కింది పాపం. మీరు లోపల పనిలో ఉన్నారని ఈ చీటీ ఇచ్చి వెళ్లాడు."

జోజప్ప అందించిన విజిటింగు కార్డు వెనక రెండు వరుసలు రాసి ఉన్నాయి. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

'పట్టీ ఒకటి (1) స్వాధీన నిమిత్తము పిచ్చమ్మను వెంటబెట్టుకొని రెడ్డిగూడెమునకు బయలుదేరడమైనది. 13-10 గంటలకు.'

గంట అంకెల కింద రెండు గీతలు ఉన్నాయి.

శర్వాణి కాలిలో పొద్దుటినుంచి గుచ్చుకుంటున్న ముల్లు ఒక్కసారిగా పైకి వచ్చింది. పుస్తకం తెరిచి, ప్రామిసరీ నోటు నకలు పక్కన ఆ కార్డు పెట్టింది. 19-25 గంటలకు. 13-10 గంటలకు. నోట్లు 200 (రెండు వందలు). పట్టీ ఒకటి (1). అప్పు కాగితంలా లేదని తెలిసింది గాని, దేనిలా ఉందో అప్పుడు తట్టలేదు. ఆ భాష పంచనామాది. ఏ వస్తువు పట్టుబడినా ఎన్ని, ఏ రకం, ఏ గంటకు అని రాయకుండా కలం ఎత్తని మనిషి, ముప్పై ఏళ్లు అదే రాసిన మనిషి, నిన్న ఆ బల్ల ముందు శవం పక్కన కూర్చుని ఖాళీ నోటు నింపాడు. అలవాటు చొప్పున గంట వేశాడు. అలవాటు చొప్పున నోట్లు లెక్క రాశాడు. వడ్డీ లెక్క మాత్రం అతని అలవాటులో లేదు.

'నాకు తీపి పడదు బాబూ.' ఎవరూ పిలవకుండానే తెల్లవారి ఆరింటికి చేసిన ఫోను. పుస్తకంలో పేరు లేని పెద్దవాళ్ల డబ్బు, అందులో ఈయనదీ ఉందన్నమాట. బ్యాంకుకు తీసుకుపోయి ఎక్కడివో చెప్పుకోలేని రెండు వేల నోట్లు.

ప్రపంచంలో బసవపున్నయ్యను కాపాడగల కాగితం ఒక్కటే ఉందని, అది ఎవరి ఇంట్లో, ఏ పటం వెనక ఉందో, ఆ మనిషి చెవిన వేసింది ఎవరు? తానే. గుమస్తా బుద్ధి అన్న ఒక్క మాటకు రెచ్చిపోయి తానే చెప్పింది.

గడియారం చూసుకుంది. ఒంటిగంటా ముప్పై. ఇరవై నిమిషాలైంది, కారు విస్సన్నపేట దరిదాపుల్లో ఉంటుంది. అక్కడినుంచి రెడ్డిగూడెం దాకా రోడ్డుకు రెండు వైపులా మామిడి తోటలే. మిట్టమధ్యాహ్నం, కేకేస్తే పలికే మనిషి ఉండడు.

"కానిస్టేబుల్ గారూ! ఎస్సై గారికి ఫోను కలపండి! విస్సన్నపేటలో ఆ కారు ఆపించమనండి!" అని అరుస్తూనే, పిచ్చమ్మ నంబరు నొక్కింది. ఎక్కడున్నా సరే కారు దిగిపొమ్మని చెప్పాలి. కడుపునొప్పి అనో, దాహం అనో ఏదో వంక పెట్టి దిగిపొమ్మనాలి. ఒక్క మాట చెప్పగలిగితే చాలు.

అవతల ఫోను మోగింది. ఆ మోత ఆమెకు రెండు చెవులా వినబడింది.

వెనక్కి తిరిగింది. జోజప్ప కొట్టులో, పంచదార డబ్బా పక్కన, ఛార్జరు తీగకు వేలాడుతూ పిచ్చమ్మ ఫోను మోగుతోంది.